ఏరియేటర్లు ఎన్ని అన్నది ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

తెల్లవారుజామున రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోవడానికి ఏరియేటర్లు చాలకపోవడమే కారణమని మీరు ప్రచురించిన వ్యాసం తేల్చింది. అది సగం మాటే. లీటరు నీటిలో ప్రాణవాయువు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదంటారు. దాన్ని నిలబెట్టేది ఏరియేటర్ల సంఖ్య ఒక్కటే కాదు, వాటి రెక్కలు ఎగజిమ్మే తుంపరలు కూడా. మచిలీపట్నం, నాగాయలంక, కోడూరు వైపు ఉప్పునీటి చెరువుల్లో ఆ రెక్కలకు నాచు, గుల్లలు, సున్నపు పొర పడతాయి. రెక్కల రంధ్రాలు మూసుకుపోతే తుంపర పలచబడుతుంది, మోటారు మాత్రం ఎక్కువ కరెంటు లాగుతుంది. బరువు పెరిగిన రెక్కల దెబ్బ చివరికి బేరింగులు, గేర్‌బాక్సు మీద పడుతుంది. కొత్త ఏరియేటర్ దింపినా కొన్నాళ్లకు దాని గతీ అంతే.

పంట మధ్యలో ఏరియేటర్లు ఆపితే రొయ్య చస్తుందని రైతులు అడ్డు చెబుతారు. రాత్రి పూట ఆ భయం న్యాయమే. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం నీటిలోని పచ్చనాచే ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి, అప్పుడు ఒక్కొక్కటిగా ఆపి గీకి కడగవచ్చు. కూలి ఖర్చంటారా, కాలిన మోటారును మళ్లీ చుట్టించడం అంతకన్నా బరువు. గుడివాడ వైపు చేపల చెరువుల్లో గుల్లల బెడద లేకున్నా నాచు తప్పదు. మెయిన్ స్విచ్ తీయకుండా మాత్రం ఎవరూ నీళ్లలో దిగరాదు. రెక్కల శుభ్రం, గేర్‌బాక్సు నూనె మార్పు గురించి కూడా ఒక వ్యాసం వేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, అవనిగడ్డ