అంబరుపేటలో ఏకపక్షపు డిక్రీ

2018వ సంవత్సరము డిసెంబరు 7వ తేది శుక్రవారము. మరునాడు రెండవ శనివారము. ఆ పై ఆదివారము. ఆ శుక్రవారము తెలంగాణ రాష్ట్రమంతట శాసనసభ యెన్నిక జరిగినది. పోలింగు దినమున పనివారికి జీతము కోయక సెలవీయవలెనని 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము శాసించుచున్నది. హైదరాబాదు నగరవాసులలో సగమువంతు ఆ సెలవును నిండుగ ననుభవించిరి. ఓటు మాత్రము వేయలేదు. రాష్ట్రమున నూటికి 73 మంది ఓటు వేయగా, రాజధాని జిల్లాలో లెక్క సగము దగ్గరనే చతికిలబడినది. పల్లెకూలి ఆనాటి కూలి వదలుకొని వరుసలో నిలిచెను. నాలుగిండ్ల కావల బడిలో ఓటుయంత్ర ముండియు బర్కత్‌పుర విద్యావంతునకు తీరిక లేకపోయెనట!

ఈ తీరికలేమి యెంత పని చేసినదో అంబరుపేట నియోజకవర్గము చాటుచున్నది. శ్రీ జి. కిషన్‌రెడ్డి 2004లో హిమాయత్‌నగరు నుండియు, నియోజకవర్గముల పునర్విభజన పిమ్మట 2009, 2014లలో అంబరుపేట నుండియు భారతీయ జనతాపక్షమున గెలిచిన వారు. 2014లో తెలుగుదేశముతో పొత్తుండగా వారి ఆధిక్యము అరువదివేలకు పైమాట. 2018లో పొత్తు లేదు. తెరాస అభ్యర్థి శ్రీ కాలేరు వెంకటేశ్‌కు 61,558 ఓట్లు, సిట్టింగు సభ్యునకు 60,542 వచ్చినవి. తేడా 1,016! రెండు లక్షలకు మించిన ఓటర్లున్నచోట ఈ వేయిన్ని పదునారు ఓట్లు ఎవరివి? గెలిచినవారివా, ఓడినవారివా? ఇంట కూర్చున్నవారివని మా యభిప్రాయము.

న్యాయస్థానమున ప్రతివాది హాజరు కానిచో ఏకపక్షముగ డిక్రీ యగును. అట్టివానికి సైతము సివిలు ప్రొసీజరు కోడు ఒక వాకిలి తెరచి యుంచినది. తగిన కారణము చూపి ముప్పది దినములలో దరఖాస్తు పెట్టుకొన్నచో డిక్రీ రద్దు కావచ్చును. ఓటరుకు ఆ వాకిలియు లేదు. గైరుహాజరైనవానికి ఐదేండ్ల వరకు మాటలేదు. అయినను ఆ ఐదేండ్లును చేనంబరు కూడలిలో టీ త్రాగుచు ప్రభుత్వమును తిట్టువారిలో గొంతు హెచ్చుగ వినిపించునది వీరిదే.

"అందరు నొక్కటే, ఎవరు వచ్చిన నేమి?" అని కొందఱందురు. ఇది వేదాంతము కాదు, సోమరితనము. క్రొత్త అభ్యర్థి ఆశ చూపి ఓటు అడుగును. సిట్టింగు సభ్యుడు లెక్క యొప్పజెప్పి అడుగవలయును. లెక్క అడుగవలసినవాడే రానిచో ఆ సభ్యుడు ఎవరికి చెప్పును? ఒక్క వంతెన సంగతి చూడుడు. గోల్నాక–అంబరుపేట వంతెనకు 2018 మే నెలలో కేంద్రమంత్రి శ్రీ నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేసిరి. ఏడు నెలలకు ఎన్నిక వచ్చినది. పట్టుమని రెండు కిలోమీటర్లు లేని ఆ వంతెనపై బండ్లు నడచినది 2025లో! భూసేకరణ తెమలలేదని కేంద్రమువారు, నిధుల మాట యెత్తి రాష్ట్రమువారు, నెపము ఒకరిపై నొకరు మోపుకొనిరి. ఈ నడుమ ఓడిన కిషన్‌రెడ్డిగారు 2019 మేలో, అంబరుపేట యిమిడియున్న సికిందరాబాదు లోకసభస్థానము గెలిచి కేంద్రమంత్రి యైరి. గెలిచిన వెంకటేశుగారు శాసనసభలో నుండిరి. ఇరువురును జవాబుదారులే. ఆ దుమ్ములో, ఆ గుంతలలో ఏడేండ్లు నడచిన ప్రజ ఎవరిని నిలదీసినది?

న్యాయము తప్పరాదు గనుక మరియొక మాట. ఆ శుక్రవారము పోలింగు కేంద్రమునకు పోయి, జాబితాలో పేరు లేక, చేత గుర్తింపుకార్డు పట్టుకొని వట్టిచేతుల మరలినవారును నగరమున ననేకులు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారియే బహిరంగముగ క్షమాపణ కోరవలసివచ్చెను. క్షమాపణ మంచిదే, కాని అది ఓటు కాదు గదా! విచారణ లేక పేరు కొట్టివేయరాదని చట్టమున్నది. ఆ చట్టమును కార్యాలయములలోనే చదువుకొని మూసివైచినచో ఫలమేమి? జాబితాను చక్కజేయుట అధికారుల విధి. దానిని ముందుగ చూచుకొనుట మన పని. పెండ్లి శుభలేఖలో తన పేరు తప్పుపడిన వీధికెక్కు గృహస్థు ఓటర్ల జాబితాను ఒక్కమారు తిరగవేయడు. పోలింగునాడు లేచి, "నా పేరేదీ?" యని కేకలు వేయును.

2023 నవంబరు 30న మరల ఎన్నిక వచ్చినది. ఈమారు సిట్టింగు సభ్యుడు శ్రీ వెంకటేశ్. కిషన్‌రెడ్డిగారు పోటీకి నిలువలేదు. రాష్ట్రమున వెంకటేశుగారి పక్షము అధికారము కోల్పోయినను, అంబరుపేటలో ఆయన 24 వేలకు మించిన ఆధిక్యముతో నెగ్గిరి. ఇది లెక్క చూచి యిచ్చిన మెప్పా, వేరు గాలియా యని తర్కించువారు తర్కింతురు గాక. మా కన్ను వేరొక అంకెపై పడినది. హైదరాబాదు జిల్లాలో పోలింగు ఆనాడును సగము దాటలేదు.

పఠనమందిరమున నీ పత్రిక చదువు అయ్యలారా! తదుపరి శాసనసభ యెన్నిక 2028లో రావలసియున్నది. మీ యింట నెందఱి పేర్లు జాబితాలో నున్నవో ఈ సాయంకాలమే చూచితిరా?