పన్నెండు గళ్ళ అబద్ధం

ఇంగ్లీషులో కాలాలు పన్నెండు. తెలుగునాట బడికెళ్ళిన ప్రతివాడికీ ఈ మాట ఎక్కాలతో పాటే వచ్చేస్తుంది. అడ్డం మూడు, నిలువు నాలుగు గళ్ళ పట్టిక. ‘ఐ వాక్’తో మొదలై ‘ఐ విల్ హావ్ బీన్ వాకింగ్’ దగ్గర ముగుస్తుంది. ఆ ఆఖరి గడిని జీవితంలో ఎన్నిసార్లు వాడారో ఎవరికి వాళ్ళు లెక్కేసుకోవచ్చు. ఈ పట్టికని బడిగోడల మీంచి పీకి పారెయ్యాలన్నది నా వాదన.

అసలు వాక్ అనే క్రియకి ఉన్న రూపాలెన్ని? నాలుగు. వాక్, వాక్స్, వాక్డ్, వాకింగ్. క్రమం తప్పని క్రియలన్నిటిదీ ఇదే కథ. వీటిలో కాలాన్ని బట్టి రూపం మారేది రెండు చోట్లే: గడిచినదానికి ఒకటి, గడవనిదానికి ఒకటి. భవిష్యత్తుకంటూ ఇంగ్లీషు క్రియకి వేరే ప్రత్యయమే లేదు. విల్ అనేది కెన్, మే, మస్ట్‌ల జట్టులోది. ఇది నా సొంత తెలివి కాదు. ఒటో యెస్పర్సన్ 1924లోనే ఈ వాదన చేశాడు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణమూ ఇంగ్లీషుకి భవిష్యత్ కాలం లేదనే తేల్చింది. మిగతా గళ్ళన్నీ సహాయక్రియలు చేర్చి కట్టిన పొట్లాలు. 1795లో లిండ్లీ మరే లాటిన్ కొలతలతో ఇంగ్లీషుకి ఆరు కాలాల చొక్కా కుట్టాడు. 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్‌ని మనం ఇప్పటికీ కళ్ళకద్దుకుంటున్నాం. చొక్కా పెరిగి పన్నెండు జేబులయింది, అంతే.

పట్టిక తప్పయినా పిల్లలకి సులువు కదా అంటారు. ఎవరికి సులువు? నేను కొన్నాళ్ళు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పిల్లల్ని క్యాంపస్ ఇంటర్వ్యూలకి తయారుచేశాను. పన్నెండు గళ్ళనీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే కుర్రాడు, ప్రాజెక్టు గురించి అడిగితే ‘ఐ డిడ్ నాట్ కంప్లీటెడ్’ అన్నాడు. బట్టీ పట్టింది నోట్లోనే ఉంది, మాటలోకి దిగలేదు. వాడిదేమీ మందబుద్ధి కాదు. వాడికి అప్పటికే తెలిసినదాన్ని వాడికెవరూ చూపించలేదు.

ఏం తెలుసు వాడికి? ‘నడవలేదు’ అనడం తెలుసు. ‘నడిచాను లేదు’ అని మూడేళ్ళ తెలుగు పిల్ల కూడా అనదు. కాలం భారమంతా లేదు మోస్తుంది కాబట్టి నడవ ఒంటరిగా, కాలం లేకుండా నిలబడుతుంది. నేను నడవలేదు, వాడు నడవలేదు, వాళ్ళు నడవలేదు. ఎవరు నడవకపోయినా అదే మాట. ‘డిడ్ నాట్ వాక్’ కూడా సరిగ్గా ఇంతే. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? పొద్దున్నించి రాత్రిదాకా మనం ‘కాల్ చేశాను’, ‘పోస్ట్ చేశాను’ అంటూనే ఉంటాం. ‘కాల్డ్ చేశాను’ అని ఎవరైనా అన్నారా? ఒక్క క్రియే కాలాన్ని మోయాలన్న సూత్రం మన నాలుకకి తెలుసు. దాన్ని గుర్తు చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయే పాఠానికి పదేళ్ళు బెత్తం తిప్పుతున్నాం.

‘ఐ యామ్ వాకింగ్ డైలీ’ అన్నందుకు నవ్వుతాం. ప్రెజెంట్ అంటే వర్తమానం, వర్తమానం అంటే ఇప్పుడు జరుగుతున్నది అని నేర్పిందెవరు? అలవాటుకీ స్వభావానికీ మన వ్యాకరణంలో వేరే పేరే ఉంది: తద్ధర్మం. చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చయింది 1858లో. ‘రోజూ నడుస్తాను’ అనే పిల్లకి ‘నడుస్తున్నాను’తో ఉన్న తేడా చెప్పక్కర్లేదు. ‘ఐ వాక్’ పక్కన నడుస్తాను అని రాసి, రేపటి సంగతికి మాత్రం విల్ చేర్చమంటే చాలు.

ఇక ఉచ్చారణ. రాతలో ఈడీ ఒక్కటే, నోట్లో మూడు. వాక్ తరవాత ట్, కాల్ తరవాత డ్, వాంట్ తరవాత ఇడ్. పక్క అక్షరాన్ని బట్టి ధ్వని మారడం సంధి కాక మరేమిటి? ‘వాడు + కొట్టె = వాడుగొట్టె’ అని గసడదవాదేశానికి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి, పక్క పీరియడ్‌లో ‘వాకెడ్’ అన్నందుకు వెక్కిరింపు. రెండు పీరియడ్ల మధ్య గోడ కట్టింది మనమే.

ఇంగ్లీషులో నేను, నువ్వు, వాడు, ఆమె, అవి, ఎవరు నడిచినా వాక్డ్ ఒక్కటే. తెలుగులో నడిచాను, నడిచాం, నడిచావు, నడిచారు, నడిచాడు, నడిచింది, నడిచాయి. ఏడు రూపాల్ని తడుముకోకుండా వాడే పిల్లని ఒక్క రూపం ముందు కూర్చోబెట్టి, నీకు గ్రామర్ రాదంటున్నాం. ఇంతకన్నా అన్యాయం ఏముంది?

ఇదంతా తెలుగు మీడియం వాళ్ళ పాత పాటేనని, పేద పిల్లలకి ఇంగ్లీషు అందకుండా చేసే ఎత్తని అనుకునేవాళ్ళుంటారు. తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపి, ఊళ్ళో పిల్లలకి మాతృభాష మాధుర్యం బోధించేవాళ్ళతో నాకూ పేచీయే. ఇంగ్లీషు అందరికీ రావాలి. అందుకే అడుగుతున్నాను. ఇంట్లో ఇంగ్లీషు వినే పిల్లకి ఈ పట్టికతో పనిలేదు, అది చెవిలోంచి వచ్చేస్తుంది. వినని పిల్లకి పట్టికే దిక్కు, పట్టికేమో అబద్ధం. ఆఖరికి ఇంటర్వ్యూ గదిలో ఓ ఈడీ ఎక్కువైందని పక్కకి పెట్టేది ఈ రెండో పిల్లనే. అక్కడ కొలిచేది వ్యాకరణం అని నేను నమ్మను. ఎవరింట్లో పుట్టావన్నదే కొలుస్తున్నారు.

ఇంగ్లీషు టీచర్లని తిట్టి లాభం లేదు. వాళ్ళకీ ఆ పట్టికే ఇచ్చారు. పాఠ్యపుస్తకాలు రాసే కమిటీల్లో ఇంగ్లీషు పండితుల పక్కన తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్ళని కూర్చోబెట్టండి. పన్నెండు గళ్ళు చెరిపేసి బోర్డు మీద ముందుగా ‘నడవలేదు’ అని రాయండి. దాని కింద ‘డిడ్ నాట్ వాక్’ అని రాసి, ఏ ముక్క ఏ ముక్కకి సరిపోతుందో పిల్లల్నే గీతలు గియ్యమనండి.