మసక లెక్క

పిల్లలూ! మన విశాఖపట్నం రామకృష్ణా బీచిలో 'కుర్సురా' అనే జలాంతర్గామి ఉన్నది గదా. అది 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఒడ్డున నిలిచి ఉన్నది. బీచికి వెళ్ళినవాళ్ళు దాని ముందు నిలబడి ఫోనుతో ఫోటో తీయించుకుంటారు. ఇంటికి వచ్చాక కొందరు వెనుక ఉన్నదంతా 'బ్లర్' చేసేస్తారు, అనగా మసకగా మార్చేస్తారు. అంత పెద్ద జలాంతర్గామిని మసక చేసేటట్టయితే బీచి దాకా పోవడం దేనికి? ఇంటి గోడ చాలదా? సరే, ఎవరి ఇష్టం వారిది.

ఆ మసక ఎలా వస్తుందో చూద్దాం. ఫోనులోని ఫోటో లక్షలాది చిన్న చుక్కల కూర్పు. వాటిని పిక్సెళ్ళు అంటారు. ఏ చుక్కకు ఎంత వెలుగున్నదో అంకెలో రాసి ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు. (రంగుల ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని చుక్కకు మూడేసి అంకెలుంటాయి. మనకు ఇప్పుడు ఒకటి చాలు.) నల్లటి జలాంతర్గామి అంచు, పక్కన తెల్లటి ఆకాశం. ఆ వరుస ఇలా ఉన్నదనుకోండి: 0, 0, 0, 240, 240, 240. ప్రతి చుక్కనూ దాని కుడి ఎడమల చుక్కలతో కూడి, 3 చేత భాగించండి. మూడోది 80 అవుతుంది, నాలుగోది 160. ఇంతకుముందు గోడలా నిటారుగా ఉన్న అంచు మెట్లు మెట్లుగా మారింది. తడి ఆరని ముగ్గు మీద వేలు రాసినట్టన్నమాట! మీరు బడిలో చేసే సగటు లెక్కే ఇది. దగ్గరి చుక్కలకు ఎక్కువ, దూరపు చుక్కలకు తక్కువ విలువ ఇచ్చి సగటు కట్టే పద్ధతి ఒకటి ఉన్నది. దానికి 1777లో పుట్టిన జర్మన్ గణితవేత్త గాస్ పేరు పెట్టి గాసియన్ బ్లర్ అంటారు.

ఏసీ కారు దిగీ దిగగానే బీచిలో తీసిన ఫోటో మసకగా వస్తే మాత్రం అది లెక్క కాదు, అద్దం మీద పట్టిన చెమ్మ. గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇక అసలు సంగతి. పరీక్ష పాసయిన సంతోషంలో కొందరు హాల్ టికెట్ ఫోటోను పదిమందికీ పంపుతూ, నంబరు మీద కాస్త మసక పూసి ఊరుకుంటారు. అది చాలదు. అంకెలు పదే గదా! 0 నుంచి 9 దాకా ఒక్కొక్కటీ అదే అచ్చులో రాసి, అదే లెక్కతో మసక చేసి, ఏది సరిపోతుందో పోల్చి చూసేవాడికి నంబరు దొరికిపోవచ్చు. ఒక నేరస్థుడు ఫోటోలలో తన ముఖాన్ని సుడిగుండంలా మెలితిప్పి దాచుకున్నాడు. జర్మనీ పోలీసు నిపుణులు ఆ మెలికను వెనక్కు తిప్పారు. 2007 అక్టోబరులో ఇంటర్‌పోల్ ఆ ముఖాన్ని లోకానికి చూపింది. రెండు వారాలు తిరక్కముందే అతను థాయ్‌లాండ్‌లో పట్టుబడ్డాడు. దొంగ దొరికాడు, మంచిదే. కాని అటువంటి ఉపాయం మీ నంబరు మీద ప్రయోగిస్తే?

కేసులలో చిక్కుకున్న పిల్లల ఆనవాళ్ళు బయటపెట్టరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను చెబుతున్నది. అందుకే పత్రికలు ఆ ముఖాలను మసక చేస్తాయి. ముఖం ఒక్కటే మసక చేసి, చొక్కా మీద బడి పేరు వదిలేస్తే ఏం లాభం?

అందుచేత నంబరు దాచాలంటే మసక వద్దు, నిండు నల్లని చతురం పెట్టండి. ఫోనులో గీతలు గీసే పెన్ను ఒక్కోసారి పలుచగా పడుతుంది. వెలుగు పెంచి చూస్తే కింది అంకె తేలుతుంది. అమ్మా నాన్నలకు కూడా ఈ మాట చెప్పండి.

నల్లటి కాగితం మీద సన్నని తెల్లగీత ఒకటి ఉన్నది: 0, 0, 240, 0, 0. మసక చేశాక మధ్య మూడు చుక్కలు ఎంతెంత అవుతాయో లెక్కకట్టి చూడండి.