బెత్తం లావు కాదు, తలుపు చాటు

'రూల్ ఆఫ్ థంబ్' అనే ఇంగ్లీషు మాటకి అర్థం అందరికీ తెలుసు. పక్కా లెక్క లేకుండా, అనుభవం మీద వేసుకునే ఉజ్జాయింపు. స్త్రీల హక్కుల రచనల్లో మాత్రం దీనికి ఇంకో పుట్టుక చెబుతుంటారు. బొటనవేలి కంటే లావు కాని కర్రతో పెళ్ళాన్ని కొట్టొచ్చని ఇంగ్లండు చట్టం మొగుడికి అనుమతి ఇచ్చిందట. ఆ కొలతే ఈ మాట అయిందట. వింటే ఒళ్ళు మండుతుంది. కానీ ఆ కథ నిజం కాదు. మనం దాన్ని వదిలెయ్యాలి.

ఈ మాట 17వ శతాబ్దంలోనే అచ్చులో ఉంది. 1685లో అచ్చయిన స్కాట్లండు మతబోధకుడు జేమ్స్ డర్హాం ప్రసంగాల్లో, కొలతలు లేకుండా ఊహ మీద గోడలు లేపే తెలివితక్కువ పనివాళ్ళ గురించి వస్తుంది. అక్కడ భార్యల ఊసే లేదు. వేళ్ళతో, చేతులతో కొలవడం ఏ దేశంలోనైనా పనిచేసుకునేవాళ్ళ విద్యే. మన అంగుళం, జానెడు, మూర అలా వచ్చినవే కదా! డచ్చి భాషలో బొటనవేలికీ అంగుళానికీ ఒకటే మాట.

మరి బెత్తం ఎక్కడిది? ఫ్రాన్సిస్ బుల్లర్ అనే ఇంగ్లీషు జడ్జి అలా అన్నాడని 1782లో పుకారు లేచింది. ఆ నవంబరులోనే జేమ్స్ గిల్‌రే ఆయన్ని కర్రల కట్టలు మోసే 'జడ్జి థంబ్'గా బొమ్మ గీశాడు. అలాంటి తీర్పు దాఖలా ఏదీ దొరకలేదు. అంతకు ముందే, 1765లో, బ్లాక్‌స్టన్ పండితుడు భార్యని 'మితంగా' దండించే అధికారం పాత చట్టంలో భర్తకి ఉండేదనీ, తర్వాత అది సందేహంలో పడిందనీ, కింది తరగతులవాళ్ళు ఇంకా దాన్ని వదలడం లేదనీ రాశాడు. (పెద్దిళ్ళలో మొగుళ్ళు కొట్టరని ఆయన నమ్మకం కాబోలు!)

అసలు చూడాల్సింది అమెరికా కోర్టుల్ని. 1868లో నార్త్ కరొలైనాలో ఒకడు భార్యని బెత్తంతో మూడు దెబ్బలు కొట్టాడు. బెత్తం బొటనవేలంత లావు లేదు కాబట్టి నేరం కాదన్నాడు కింది జడ్జి. పై కోర్టు బొటనవేలి లెక్క కుదరదంది. అని, వాణ్ణి వదిలేసిన తీర్పునే ఖాయం చేసింది! చిన్నాచితకా విషయాల్లో కుటుంబ పాలనలో తలదూర్చకూడదట. 1874లో అదే కోర్టు, భర్తకి కొట్టే హక్కే లేదంటూనే, శాశ్వతమైన గాయం, క్రూరత్వం లేనప్పుడు తెర దించెయ్యడమే మేలంది.

బొటనవేలు పోయింది. తెర మిగిలింది.

మాటకీ బెత్తానికీ ముడి పడింది ఇటీవలే. 1976లో డెల్ మార్టిన్ భార్యల మీద హింస గురించి రాసిన పుస్తకంలో ఆ మాటని శ్లేషగా వాడింది. 1982లో అమెరికా పౌరహక్కుల కమిషన్ ఇదే విషయం మీద వేసిన నివేదికకి ఆ మాటనే పేరుగా పెట్టింది. శ్లేష కాస్తా చరిత్రగా మారిపోయింది. 1994లో క్రిస్టీనా హాఫ్ సోమర్స్ ఈ తప్పునే పట్టుకుని స్త్రీవాదులు చెప్పేవాటిలో చాలా కట్టుకథలేనని వాదించింది. కథలో ఒక్క అబద్ధం దొర్లితే చాలు, 1868 నాటి ఆ మూడు దెబ్బలు కూడా అబద్ధమైపోతాయి. ఆ అవకాశం మనమెందుకివ్వాలి?

పైగా ఈ కథకి ఇంకో దోషం ఉంది. కర్ర లావు కొలిచిన పాతకాలపు మూర్ఖుల్ని చూసి నవ్వుకుని, ఇప్పుడు అంతా బాగుందనుకునేట్టు చేస్తుంది. మన సంగతి చూడండి. కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ని 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. తన శరీరం గురించి నిర్ణయం స్త్రీదేనని జస్టిస్ పి.ఎ. చౌదరి రాశారు. ఏడాది తిరక్కుండానే ఢిల్లీ హైకోర్టు దానికి ఎదురు తిరిగింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం పింగాణీ కొట్లోకి ఆబోతుని తోలడం లాంటిదంది. 1984లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ని నిలబెట్టింది. అది ఇంకా ఉంది.

శిక్షాస్మృతి మార్చి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత తెచ్చారు. దాని 63వ సెక్షన్‌లో కూడా మినహాయింపు అలాగే ఉంది: భార్యకి పద్దెనిమిదేళ్ళు నిండితే, భర్త చేసింది అత్యాచారం కాదు. ఇక్కడ ఏ బొటనవేలి కొలతా లేదు.