'లివిడ్' అను మాటకు రంగేది?

ఇంగ్లీషు భాషలో 'లివిడ్' అను విశేషణ మొకటి కలదు. మన విద్యార్థుల మాటల పట్టికలలో దాని కెదురుగా 'మిక్కిలి కోపముగల' అని వ్రాసియుండును. అది తప్పు గాదు. కాని అంతమాత్రమే కంఠస్థము చేసిన విద్యార్థికి ఈ మాట చేజిక్కినట్లే యుండి చిక్కదు. ఒక బాలుడు తన వ్యాసమున, ఒకని ముఖము కోపముచే 'లివిడ్ ఎరుపు' అయ్యెనని ఇంగ్లీషులో వ్రాసెను. వ్యాకరణమున దోషము లేదు. దోషము రంగున నున్నది.

ఈ మాట లాటిను భాషలోని 'లివిదుస్' నుండి వచ్చినది. సీసపు రంగు, నీలి రంగు అని దాని యర్థము. 15వ శతాబ్దిలో ఇంగ్లీషున ప్రవేశించినప్పుడు దెబ్బ తగిలిన చర్మపు రంగునకు దీనిని వాడిరి. మన యిండ్లలో 'కమిలినది' అందుము గదా, సరిగా అదే. చర్మము క్రింద సన్నని రక్తనాళములు చిట్లి నెత్తురు నిలిచినచో ఆ నీలిమ కలుగును. పిదప నెత్తురు తొలగి పాలిపోయిన ముఖమునకును ఈ మాట వర్తించెను. 'కోపముచే లివిడ్ అయ్యెను' అనగా కోపముచే ముఖము రంగు తప్పెనని తొలి యర్థము. క్రమముగా 'కోపముచే' అనుట మానివేసిరి. 20వ శతాబ్ది తొలినాళ్లకు 'లివిడ్' అను నొక్క మాటయే పెనుకోపమును చెప్పగలిగెను. ఇందు వింత లేదు. 'ఆయన మండిపడెను' అని మన మనునప్పుడు నిప్పును తలచువా రెందరు?

కోపముతో ముఖము జేవురించునని తెలుగువారి మాట. జేగురనగా ఎర్రమన్ను. భరతుని నాట్యశాస్త్రమున రౌద్రరసమునకు చెప్పిన రంగును ఎరుపే. కావున తెలుగుబిడ్డ 'లివిడ్' అనగానే ఎరుపును తలచుట సహజము. ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలోనే పలువు రట్లు తలచుచుందురు. అయితే మన శాస్త్రమునందే రెండవ దారియు కనబడును. ఎనిమిది సాత్త్విక భావములలో 'వైవర్ణ్యము' ఒకటి, అనగా రంగు మారుట. దానికి కారణములు చెప్పుచు భరతుడు చలి, భయము, రోగము మొదలగు వానితోపాటు క్రోధమును గూడ చేర్చెను. కోపమున కొందరి చర్మపు నాళములు విప్పారి ముఖ మెర్రబారును. కొందరికి అవి ముడుచుకొని ముఖము పాలిపోవును. జేవురించుట మొదటిది. 'లివిడ్' రెండవదానినుండి పుట్టినది.

ఇదంతయు చెప్పుటకు కారణము కలదు. హోసూరు ప్రాంతమున మన పిల్లలకు ఇంటిలో తెలుగు, వీథిలో తమిళమును కన్నడమును, పుస్తకమున ఇంగ్లీషు. ఇన్నిటి నడుమ తెలుగు అడ్డము వచ్చుచున్నదని తలచి, బిడ్డను తెలుగు బడి మాన్పింపజూచు తల్లిదండ్రులు గలరు. వారి దిగులును తేలికగా త్రోసివేయరాదు. ఇంగ్లీషు రాక వెనుకబడిన వారిని వారు కన్నులార చూచుచునే యున్నారు. కాని కమిలిన, జేవురించిన, వెలవెలబోయిన అను మూడింటి భేదము నెరిగిన బిడ్డకు 'లివిడ్' నిమిషములో తెలియును. ఆ భేదమే యెరుగని బిడ్డకు అది, ఎన్ని మారులు వల్లించినను, కోపమునకు మరియొక పేరుగానే మిగులును. తెలుగు తగ్గించినచో ఇంగ్లీషు పెరుగునను లెక్క నాకెన్నడును సరిపోలేదు.

ఇక వాడుక సంగతి. నామవాచకమునకు ముందు నిలిచినప్పుడు ఈ మాట సాధారణముగా రంగునే చెప్పును. 'లివిడ్ మచ్చ' యనగా కమిలిన మచ్చ, దానికి కోపమేమియు లేదు! 'షి వాజ్ లివిడ్' అని క్రియ వెనుక వచ్చినచో ఆమెకు పట్టరాని కోపము వచ్చెనని యర్థము. ఇది కోపమునకు చివరి మెట్టు గనుక దీనికి 'వెరీ' చేర్చుట యింపుగా నుండదు, 'యాబ్సల్యూట్లీ' అందురు. బస్సు ఐదు నిమిషము లాలస్యమైనందుకు ఎవరును 'లివిడ్' కారు. దానికి మన 'విసుగు' వంటి 'యానోయ్డ్' చాలును. ప్రధానోపాధ్యాయులకు వ్రాయు అర్జీలో ఈ మాటను వాడరాదు. ఇది సంభాషణలలోను కథలలోను ఇముడునది. ఎవరిపై కోపమో చెప్పవలెనన్న 'విత్', ఏ సంగతినిగూర్చియో చెప్పవలెనన్న 'అబౌట్' దీనివెంట చేర్చుదురు.