బొమ్మయు బొరుసును

కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలో చదువుచుండిన ఒక బాలిక సంవత్సరము నడుమనే బడి మానివేసెను. కారణము తెలిసికొనుటకై వారి యింటికి వెళ్లితిని. తండ్రి నన్ను మర్యాదతో కూర్చుండబెట్టి, "మాస్టరుగారూ, మాకు వరుసగా నలుగురు ఆడపిల్లలు. ఈమారు మగపిల్లవాడు తప్పడు. వాని చదువునకు ఇప్పటినుండియే కూడబెట్టవలదా? పెద్దదానికి ఈ చదువు చాలును" అనెను. రెండు మాసములకు అయిదవ బిడ్డయు ఆడుబిడ్డయే కలిగెను.

ఆయన దుర్మార్గుడు కాడు. మగబిడ్డయే కలిగినను కుమార్తె చదువు మాన్పించుట న్యాయము కాదు. అది వేరు మాట. ఇచ్చట నేను చెప్పదలచినది ఆయన లెక్కలోని తప్పును గూర్చియే. ఆ తప్పు చదువుకొన్నవారిలోను మెండుగా గలదు.

విద్యార్థులారా, ఒక నాణెమును ఎగురవేయుడు. బొమ్మ పడుటకు సంభావ్యత రెంటిలో ఒక పాలు. వరుసగా నాలుగుమార్లు బొమ్మయే పడినదనుకొనుడు. అయిదవమారు ఏది పడునని అడిగినచో తరగతిలో పెక్కుమంది "బొరుసు" అందురు. ఆట మొదలు పెట్టక మునుపు, అయిదుమార్లును బొమ్మయే పడుటకు సంభావ్యత 32లో 1 మాత్రమే, ఇది నిజము. కాని నాలుగు పడిన పిమ్మట వేయవలసినది ఇంక ఒక్కమారే. దానికి సంభావ్యత మరల రెంటిలో ఒక పాలే. ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా భావించుటయే పొరపాటు. లోహపు బిళ్లకు జ్ఞాపకము లేదు. అది ఎవరికిని బాకీ పడదు.

1913లో మాంటికార్లో జూదశాలయందు చక్రము మీది గోళి వరుసగా 26 మార్లు నల్లగడిలోనే పడెను. ఇక ఎఱ్ఱగడి రాక తప్పదని పందెములు హెచ్చించినవారు ధనము గోలుపోయిరి.

"అట్లయిన, పెక్కుమార్లు వేసినచో బొమ్మలును బొరుసులును సరిపోవునని చెప్పుదురే?" అని మీరడుగవచ్చును. 1940లో జర్మను సేనలు డెన్మార్కును ఆక్రమించినప్పుడు, దక్షిణాఫ్రికాలో గణితాచార్యుడైన జాన్ కెరిక్ అచ్చట నిర్బంధములో చిక్కెను. ఆ కాలమున ఆయన నాణెమును 10,000 మార్లు ఎగురవేయించి ఫలితములను లెక్క కట్టెను. మొదటి 100లో బొమ్మలు 44. సగమునకు 6 తక్కువ. మొత్తము 10,000లో బొమ్మలు 5,067. సగమునకు 67 ఎక్కువ. చూచితిరా! తేడా 6 నుండి 67కు పెరిగినది. అయినను బొమ్మల పాలు నూటికి 44 నుండి 50.67కు వచ్చి సగమును సమీపించినది. నాణెము పాత బాకీ తీర్చలేదు. పెద్ద మొత్తములో ఆ తేడా కొంచెమైపోయినది. చెంబెడు నీళ్లలో చిటికెడుప్పు నాలుకకు తెలియును. చెరువులో గుప్పెడుప్పు వేసినను తెలియదు.

లోకమున 100 మంది ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు పుట్టుదురు. కావున ప్రతి కాన్పును ఇంచుమించుగా నాణెము వంటిదే. ముందు పుట్టిన నలుగురు కుమార్తెల వలన అయిదవమారు కుమారుడు రావలసిన బాకీ యేమియు ఏర్పడదు.

మా ఉపాధ్యాయులము సంభావ్యతను సూత్రముగా వల్లె వేయించుచున్నాము. బాలురు పరీక్షలో సరిగానే వ్రాయుదురు. బడి గడప దాటగానే తండ్రులవలెనే తలంతురు. ఇది చాలదు. ప్రతి తరగతిలోను 40 మంది పిల్లలు తలకొక 25 మార్లు నాణెము వేసినచో ఒక్క గంటలో 1,000 ఫలితములు చేతికి వచ్చును. నాలుగు బొమ్మలు వరుసగా పడినచోట్ల తరువాత ఏమి పడెనో వారినే లెక్కింపనిండు. తమ కన్నులతో చూచినది మఱవరు. తలిదండ్రులు కూడ సాయంకాలమున పిల్లలతో కూర్చుండి ఈ లెక్క చేసి చూడవలెనని నా మనవి.

ఆ బాలిక మరల బడికి రాలేదు. నాడు నేను ఆమె తండ్రి యెదుట కూర్చుండి కాఫీ పుచ్చుకొని, ఏమియు చెప్పజాలక లేచి వచ్చితిని. జేబులో నాణెము లేకపోలేదు. అందులకే నేడు ఇది వ్రాయుచున్నాను.