అధికారమంతా ఒక్కచోట పోగుపడనివ్వకండి!



1984 ఆగస్టు 16న, అంతకు ఏడాదిన్నర ముందు తెలుగు ప్రజలం మనం ఓట్లేసి గెలిపించుకున్న ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ ఒక్క ఉత్తర్వుతో తీసేశారు. ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు అప్పుడే అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. అసెంబ్లీలో బలం చూపిస్తానన్నా గవర్నర్ వినలేదు. అదే రోజు, రామారావు పార్టీలోనే తిరుగుబాటు చేసిన నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు.

ఆ నెల రోజులు పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. ఊరూరా నిరసనలు, వీల్‌చైర్‌లో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిన రామారావు, వెంట ఆయన ఎమ్మెల్యేలు. కానీ ఒక సంగతి మనం చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోలేదు. బెదిరించో ఆశపెట్టో లాక్కుంటారన్న భయంతో ఆ ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించారు. కర్ణాటకకే ఎందుకు? అప్పుడు అక్కడ ఉన్నది కేంద్రాన్ని ఏలుతున్న పార్టీది కాని రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం. మన రాజ్యాంగంలో పోలీసు శాఖ రాష్ట్రాలది. సరిహద్దు దాటితే హైదరాబాద్‌లో కొత్తగా కుర్చీ ఎక్కినవాళ్ల పోలీసు ఆటలు సాగవు. ఢిల్లీ నుంచి ఫోనొస్తే పరుగెత్తాల్సిన అగత్యం కర్ణాటక పోలీసుకూ లేదు. దేశమంతటికీ ఒకే పోలీసు, ఒకే పై అధికారి ఉండి ఉంటే వాళ్లు తలదాచుకోవడానికి చోటెక్కడ దొరికేది?

సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ప్రమాణం చేశారు. జనం వీధుల్లోకి రాకపోతే అది జరిగేది కాదు. అధికారం అంతా ఒకరి గుప్పిట్లోనే ఉండి ఉన్నా జరిగేది కాదు.

ఫెడరలిజం అనే పెద్ద మాటకు అర్థం ఇంతే. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రైల్వేలు, కరెన్సీ కేంద్రానికి. పోలీసు, భూమి, ప్రజారోగ్యం, వ్యవసాయం రాష్ట్రాలకు. ఒకరు దారి తప్పితే ఇంకొకరు అడ్డం నిలబడేలా పంచారు. ఇది రెండువైపులా పదునున్న కత్తి. రాష్ట్రంలోనే నిరంకుశుడు పుట్టుకొస్తే ఎన్నికల సంఘం, ఖాతాలు తనిఖీ చేసే కాగ్, సుప్రీంకోర్టు అతని చేతిలో ఉండవు.

అప్పట్లో మనవాళ్లకు ఆశ్రయమిచ్చిన కర్ణాటకకే 1989 ఏప్రిల్‌లో దెబ్బ తగిలింది. ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై సభలో బలం నిరూపించుకుంటానంటే గవర్నర్ అవకాశం ఇవ్వలేదు. ఆయన నివేదిక మీద, రాష్ట్రపతి పాలన విధించే 356వ అధికరణం కింద ప్రభుత్వాన్ని రద్దు చేశారు. ఆ గవర్నర్ మన కర్నూలు జిల్లా నాయకుడే, పెండేకంటి వెంకటసుబ్బయ్య. సొంత రాష్ట్రానికి అంతకు అయిదేళ్ల ముందు తగిలిన గాయం చూసినవారు కూడా ఆ పని చేశారంటే, వ్యక్తుల మంచితనం మీద ఆధారపడి లాభం లేదు. బొమ్మై కోర్టుకెక్కారు. 1994 మార్చి 11న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చి చెప్పింది: బలాబలాలు తేలాల్సింది సభలో, రాజ్‌భవన్‌లో కాదు. రాష్ట్రపతి పాలన ఉత్తర్వును కోర్టు పరిశీలించవచ్చు. పార్లమెంటు ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదు. అంతకుముందు, 1977లో జనతా ప్రభుత్వం తొమ్మిది రాష్ట్రాల ప్రభుత్వాలను ఇంటికి పంపింది. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వమూ తొమ్మిదింటిని పంపింది. ఈ తీర్పు వచ్చాక అలా గంపగుత్తగా రద్దు చేయడం ఆగింది. 2016లో అరుణాచల్ ప్రదేశ్ ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టే తిరిగి నిలబెట్టింది.

మరి ఇప్పుడు భయమెందుకంటారా? బాహాటంగా కూలగొట్టడం కష్టమైంది కనుక చప్పుడు లేకుండా లాక్కోవడం పెరిగింది.

లీటరు పెట్రోలు సంగతి చూడండి. 2022 మే నెలలో తగ్గించిన తర్వాత దానిపై కేంద్రం పన్ను 19 రూపాయల 90 పైసలుగా ఉండేది. అందులో రాష్ట్రాలకు వాటా దక్కే మూల ఎక్సైజు సుంకం అప్పుడు 1 రూపాయి 40 పైసలే! మిగిలినదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. కానీ సెస్సు, సర్‌చార్జి పేరు పెడితే ఆ సొమ్ము పంపకానికే రాదు. మీ బండిలో పోయించుకున్న పెట్రోలు మీద మీరు కట్టిన పన్నులో మీ ఊరి ఆసుపత్రికి, మీ బడికి రావాల్సిన వాటా అలా తప్పిపోతోంది.

ఇక బిల్లుల మాట. అసెంబ్లీ ఆమోదించిన పది బిల్లులు గవర్నర్ దగ్గర ఆగిపోయాయని 2023లో తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. మనం ఎన్నుకున్న సభ చేసిన చట్టాన్ని మనం ఎన్నుకోని ఒకరు నెలల తరబడి బల్లమీద పెట్టుకుని కూర్చోవచ్చా? గవర్నర్లకు కోర్టులు గడువు విధించలేవని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. ఎంతకాలమైనా కారణం లేకుండా ఆపడం మాత్రం కుదరదంది. అంటే గడువు పెట్టాల్సింది పార్లమెంటు. పార్లమెంటును కదిలించాల్సింది మనం.

చదువు 1976 దాకా రాష్ట్రాల జాబితాలో ఉండేది. ఎమర్జెన్సీలో, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉండగా, 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి జరిపారు. అడవులనూ అలాగే. ఎమర్జెన్సీ పోయి ఇన్నేళ్లయినా అవి వెనక్కి రాలేదు.

ఇక అసలు కష్టమైన మాట. ఢిల్లీని నిలదీసే మన రాష్ట్ర ప్రభుత్వాలు ఊళ్లకు ఏం చేశాయి? 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ అయిదేళ్లకోసారి పంచాయతీ ఎన్నికలు జరగాలంది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పదకొండో షెడ్యూల్లో రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచుల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లోనే పదవీకాలం ముగిస్తే ఎన్నికల కోసం 2025 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, తీరు మారలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. వీధి దీపం వెలగదు, మురుగు కాలువలో పూడిక తీసేవాళ్లుండరు, బోరు మోటారు కాలిపోతే బాగుచేయించడానికి మండల ఆఫీసు చుట్టూ తిరగాలి. తనకు రావాల్సింది ఢిల్లీని గట్టిగా అడిగే ప్రభుత్వం, ఊరికివ్వాల్సింది ఊరికిచ్చి అడగాలి. అప్పుడే ఆ గొంతుకు బలం.

కేంద్రం బలహీనపడితే దేశం ఏమవుతుందని కొందరు నిజాయితీగానే అడుగుతారు. సైన్యాన్ని, సరిహద్దును, నోటును పంచమని ఎవరూ అనడం లేదు. బడి, భూమి, బోరు మోటారు మీద పెత్తనం ఢిల్లీ చేతిలో ఉంటేనే దేశం నిలబడుతుందన్న వాదన మాత్రం ఒప్పుకోలేం.

మీరు ఏ జెండా మోసినా మోయండి. ఓటడగడానికి వచ్చిన ఎంపీ అభ్యర్థిని గుమ్మంలోనే అడగండి: సెస్సుల్లో రాష్ట్రాలకు వాటా కోసం ఓటేస్తావా? బిల్లుల మీద గవర్నర్లకు గడువు పెట్టే సవరణకు చేయెత్తుతావా? ఎమ్మెల్యే అభ్యర్థిని అడగండి: పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు గడువులోగా జరిపిస్తావా? పంచాయతీకి వచ్చిన పైసా పంచాయతీ ఖాతాలోనే ఉండనిస్తావా? నాలుగు మాటల్లో దాటేస్తే వదలకండి, నలుగురి ముందు మళ్లీ అడగండి.

అంతకన్నా ముందు చేయాల్సింది మీ ఊళ్లోనే ఉంది. వచ్చే గ్రామసభ ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని ఈ వారమే అడగండి. పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లండి, ఆడవాళ్లు తప్పకుండా రావాలి. ఆర్థిక సంఘం నిధులు ఎన్ని వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయి, ఖాతాలో ఎంత మిగిలింది అని అందరి ముందూ చదివించండి. చదవమంటే చదవకపోతే కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి.